ప్రభుత్వ అద్దె ఇంట్లో కుక్క, పిల్లి: "వద్దు" అనే అధికారం ఎవరికుంది?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది అమెరికాలో ప్రభుత్వ సాయంతో నడిచే అద్దె ఇళ్ళ గురించి. ఆ ఇళ్ళలో కుక్కనో, పిల్లినో, ఓ చిలకనో పెంచుకోవచ్చా? పెంచుకోవచ్చంటే ఏ షరతుల మీద? వద్దనే హక్కు ఎవరికైనా ఉందా? ఇవీ ప్రశ్నలు.

ఇది మనకెందుకండీ అని కొందరు అనుకోవచ్చు. పిల్లలు ఇక్కడ స్థిరపడ్డాక గ్రీన్‌కార్డు మీద వచ్చి, కొన్నేళ్ళకి "మా బతుకు మేం బతుకుతాం" అని సీనియర్ అపార్ట్‌మెంట్లలోకి మారిన అమ్మానాన్నలు మన తెలుగువాళ్ళలోనూ ఉన్నారు. అలాంటి చాలా భవనాలకి వెనకాల ప్రభుత్వ సాయం ఉంటుంది. కాబట్టి ఈ రూల్స్ మన ఇళ్ళకీ వస్తాయి. ఇండియాలో ఉండి చూస్తున్నవాళ్ళకి కూడా ఇందులో ఆలోచించదగ్గ విషయం ఒకటుంది. అది చివర్లో చెప్తాను.

ముందు అసలు ఇబ్బంది ఏంటో చూద్దాం.

మామూలు అద్దె ఇల్లు అనుకోండి. ఓనరు "కుక్క ఉంటే ఇవ్వను" అంటాడు. బాధగా ఉంటుంది, కానీ పక్క వీధిలో ఇంకో ఇల్లు వెతుక్కుంటాం. డబ్బు ఉన్నవాడికి ఆ దారి ఉంది. పబ్లిక్ హౌసింగ్‌లో ఉండే మనిషికి ఆ దారి లేదు. అక్కడ అద్దె సాధారణంగా ఆదాయంలో 30 శాతం చుట్టూ ఉంటుంది. పెద్ద నగరాల్లో ఆ ఇంటి కోసం ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండాలి. తీరా పిలుపు వచ్చిన రోజున "ఇల్లు కావాలా, కుక్క కావాలా?" అని అడిగితే మనిషి ఏం చెప్తాడు? భర్త పోయాక పదేళ్ళుగా ఒక పిల్లితో కాలం గడుపుతున్న పెద్దావిడని ఊహించుకోండి. ఆవిడ ముందు ఆ ప్రశ్న పెట్టడం అంటే, ఇంట్లో మిగిలిన ఆ ఒక్క ప్రాణిని కూడా వదిలేసి రమ్మని చెప్పడమే. అందుకే కొందరు ఇల్లు వదులుకుంటారు. కొందరు జంతువుని షెల్టర్‌లో వదిలేస్తారు. ఇంకొందరు దొంగచాటుగా ఇంట్లో పెట్టుకుని, ఎవరు తలుపు కొట్టినా భయపడుతూ బతుకుతారు.

ఈ ఇబ్బందిని అమెరికా చట్టం రెండు విడతల్లో పట్టించుకుంది.

మొదటిది 1983లో. ఆ ఏడాది వచ్చిన హౌసింగ్ చట్టంలో 227వ సెక్షన్ అని ఒకటి పెట్టారు. ఫెడరల్ సాయంతో నడుస్తూ, వృద్ధుల కోసం, వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేటాయించిన అద్దె ఇళ్ళలో, ఇంట్లో పెంచుకునే మామూలు జంతువులని ఓనర్లు నిషేధించకూడదు అని ఆ సెక్షన్ చెప్పింది. పెంపుడు జంతువు ఉందన్న కారణంతో ఇల్లు ఇవ్వకుండా ఉండటం, ఉన్నవాళ్ళని పంపెయ్యడం కూడా కుదరదు అంది.

రెండోది 1998లో. పబ్లిక్ హౌసింగ్ వ్యవస్థని బాగా మార్చిన చట్టం ఆ ఏడాది అక్టోబర్‌లో వచ్చింది. దాంతో 1937 నాటి పాత హౌసింగ్ చట్టానికి 31వ సెక్షన్ చేరింది. అప్పటిదాకా వృద్ధులకి, వైకల్యం ఉన్నవాళ్ళకి మాత్రమే ఉన్న రక్షణ, పబ్లిక్ హౌసింగ్‌లో ఉండే మామూలు కుటుంబాలకి కూడా వచ్చింది. దాన్ని అమలు చేసే నిబంధనలని హడ్, అంటే కేంద్ర హౌసింగ్ శాఖ, 2000లో ఖరారు చేసింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ రెండు చట్టాలూ "ఎవరు ఏ జంతువునైనా పెంచుకోవచ్చు" అనలేదు. "సహేతుకమైన షరతులు పెట్టుకోండి, అంతేగానీ మొత్తానికి వద్దనకండి" అన్నాయి. ఈ ఎపిసోడ్ మొత్తంలో మీరు ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. షరతు పెట్టడం వేరు, వద్దనడం వేరు. షరతు పెట్టే అధికారం వాళ్ళకి బోలెడంత ఉంది. పూర్తిగా వద్దనే అధికారం, ఈ చట్టాల కిందికి వచ్చే ఇళ్ళలో, లేదు.

సరే, "మామూలు పెంపుడు జంతువు" అంటే ఏంటి? వృద్ధుల ఇళ్ళ నిబంధనల్లో దీనికి నిర్వచనం ఉంది. కుక్క, పిల్లి, పక్షి, కుందేలుతో సహా ఎలుక జాతి చిన్న జంతువులు, చేప, తాబేలు. వ్యాపారం కోసం కాకుండా, ఇంట్లో ముచ్చట కోసం పెంచుకునేవి. పాములు, బల్లుల్లాంటి సరీసృపాలు లేవు, తాబేలుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. పిల్లల్ని పెట్టించి అమ్ముకునే బేరం ఈ రక్షణ కిందికి రాదు. రాష్ట్ర చట్టమో, ఊరి చట్టమో వేరే నిర్వచనం చెప్తే ఆ చట్టానిదే పైచేయి.

ఇక షరతుల సంగతి. మామూలు కుటుంబాలుండే పబ్లిక్ హౌసింగ్‌లో హౌసింగ్ అథారిటీ ఏమేం పెట్టవచ్చో నిబంధన వరసగా చెప్తుంది. తిరిగి ఇవ్వని చిన్న ఫీజు ఒకటి, తిరిగి ఇచ్చే డిపాజిట్ ఒకటి, లేదా రెండూ తీసుకోవచ్చు. ఇంటి సైజుని బట్టి ఎన్ని జంతువులో పరిమితి పెట్టవచ్చు. ప్రమాదకరం అనుకున్న రకాలని, స్థానిక చట్టానికి లోబడి, ఆపవచ్చు. సైజు, బరువు చూడవచ్చు. రిజిస్టర్ చేయమనవచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమనవచ్చు.

ఉదాహరణకి న్యూయార్క్ నగర హౌసింగ్ అథారిటీని తీసుకోండి. 2009లో అది కుక్కల బరువు హద్దుని 25 పౌండ్లకి తగ్గించింది. అంటే మన లెక్కలో 11 కిలోల పైచిలుకు. పిట్‌బుల్, రాట్‌వైలర్, డాబర్‌మన్ జాతులని కొత్తగా తెచ్చుకోకూడదంది. ఇది సరైనదేనా, జాతిని బట్టి కుక్క స్వభావం చెప్పగలమా అని అక్కడ గట్టి వాదనలే జరిగాయి. ఆ వాదనలోకి నేను వెళ్ళను. చట్టం ఎంత వెసులుబాటు ఇచ్చిందో చూపించడానికి చెప్పానంతే.

ఇన్ని షరతులు పెట్టుకోనిచ్చిన అదే నిబంధన, ఒక విషయంలో మాత్రం గీత గీసింది. అరవకుండా ఉండటానికి జంతువు స్వరతంత్రులు తీయించమని ఏ అథారిటీ కూడా అడగకూడదు. మొరుగుడు పక్కింటివాళ్ళకి ఇబ్బందే, నిజమే. దానికి వేరే దారులున్నాయి. నోరు కోసేయడం మాత్రం దారి కాదు అని రాతపూర్వకంగా పెట్టారు.

ఇప్పుడు మన అమ్మానాన్నలు ఎక్కువగా కనిపించే చోటికి వద్దాం. వృద్ధుల కోసం ఫెడరల్ సాయంతో నడిచే సీనియర్ భవనాలు. వీటిని చాలాచోట్ల లాభాపేక్ష లేని సంస్థలు నడుపుతాయి. వీటి నిబంధనలు ఇంకా వివరంగా ఉంటాయి, కొన్నయితే చదువుతుంటే ముచ్చటేస్తుంది.

డిపాజిట్ కుక్కకి, పిల్లికి మాత్రమే అడగవచ్చు. చేపల తొట్టికి అడగకూడదు. అద్దెకి ప్రభుత్వ సాయం అందుతున్నవాళ్ళ విషయంలో నిబంధనలో రాసిన పరిమితి 300 డాలర్లు. అది కూడా ఒకేసారి కట్టమనకూడదు. జంతువు ఇంట్లోకి వచ్చినప్పుడు 50 డాలర్లకి మించకుండా, ఆ తర్వాత నెలకి 10 డాలర్లకి మించకుండా. పెన్షన్ మీద బతికే మనిషికి 300 ఒక్కసారి తీయడానికీ, నెలకి 10 చొప్పున తీయడానికీ చాలా తేడా ఉంటుంది కదా. ఆ తేడా తెలిసినవాళ్ళు రాసిన వాక్యం అది. కుక్క చేసిన మలిన్యం ఎత్తకపోతే మాత్రం ఒక్కోసారికి 5 డాలర్ల దాకా వసూలు చేయవచ్చు.

పిల్లి మట్టి తొట్టి గురించి కూడా రాశారు. మట్టి మొత్తం మార్చమని వారానికి రెండుసార్లకి మించి అడగకూడదు. మలం తీసెయ్యమని రోజుకి ఒకసారికి మించి అడగకూడదు. ఇంత చిన్న విషయం ఎందుకు రాయాల్సొచ్చింది? వద్దనలేని ఓనరు, "రోజుకి మూడుసార్లు మార్చు" అనే షరతు పెట్టి అదే పని సాధించగలడు కాబట్టి. పాటించలేని షరతు అంటే వద్దనడమే. దానికి ముందే అడ్డుకట్ట వేశారన్నమాట.

నాలుగు కాళ్ళ జంతువు ఇంటికి ఒకటే అని పరిమితి పెట్టవచ్చు. ఉమ్మడి జాగాల్లో కుక్క తాడుతోనో గొలుసుతోనో ఉండాలి, దాన్ని అదుపు చేయగల మనిషి పక్కన ఉండాలి. టీకాలు వేయించాలి. ఏడాదికోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలి.

ఇంకోటి, మన కుటుంబాలు తెలియక చిక్కుల్లో పడేది. కొడుకో కూతురో సెలవులకి ఊరెళ్తూ "అమ్మా, వారం రోజులు మా కుక్కని చూసుకో" అని వదిలి వెళ్తారు. మన దృష్టిలో అదేం పెద్ద విషయం? కానీ ఆ భవనంలో అద్దెకుండేవాళ్ళది కాని జంతువు తాత్కాలికంగా వచ్చినా సరే, రానివ్వకూడదని రూల్ పెట్టుకునే అధికారం ఓనరుకి ఉంది. తాత్కాలికం అంటే వరసగా 14 పగళ్ళు, రాత్రుళ్ళ లోపు. కాబట్టి "ఓ వారమే కదా" అనే మాట అక్కడ చెల్లదు. నోటీసు మీ పేరు మీద రాదు, అమ్మ పేరు మీద వస్తుంది. వదిలి వెళ్ళేముందు ఆఫీసులో అడగండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన రూల్. రిజిస్ట్రేషన్ కాగితంలో ఒక గడి ఉంటుంది. మీరు చనిపోయినా, మంచాన పడినా, ఇంకే కారణం వల్లనైనా చూసుకోలేకపోయినా, ఈ జంతువు బాధ్యత ఎవరు తీసుకుంటారు? పేరు, అడ్రసు, ఫోన్ నంబరు. చాలామంది ఈ గడిని ఏదో ఒక పేరుతో నింపేస్తారు. అలా చేయకండి. పెద్దాయన్ని రాత్రికి రాత్రి అంబులెన్సులో తీసుకెళ్తే, ఆఫీసువాళ్ళు మొదట ఫోన్ చేసేది ఆ నంబరుకే. అవతలి మనిషి "నాకేం తెలీదండీ" అంటేనో, అసలు దొరక్కపోతేనో, వాళ్ళు స్థానిక అధికారులని అడుగుతారు. అదీ కుదరకపోతే, లీజులో అందుకు వీలు రాసి ఉంటే, ఇంట్లోకి వెళ్ళి జంతువుని ఒక సంరక్షణ కేంద్రంలో పెట్టవచ్చు. అలా ఉంచేది 30 రోజులకి మించదు. ఆ ఖర్చు పెంచుకున్నవాళ్ళదే. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఆ పిల్లి ఇంట్లో ఉంటుందా లేదా అన్నది ఆ ఒక్క గడిలో ఎవరి పేరు రాశామన్నదాని మీద ఉంటుంది. ఆ పేరు గల మనిషితో ముందే మాట్లాడండి, ఒప్పించండి, తాళంచెవి ఎక్కడుందో చెప్పండి.

ఇప్పటిదాకా పెంచుకునేవాళ్ళ వైపు నుంచే మాట్లాడాను. పక్కింటివాళ్ళ మాటేంటి? ఉబ్బసం ఉన్న మనిషి ఉంటారు. చిన్నప్పుడు కుక్క కరిచి, ఇప్పటికీ లిఫ్టులో కుక్క ఎక్కితే దిగిపోయే మనిషి ఉంటారు. వాళ్ళూ ఇల్లు మారలేరు. వాళ్ళదీ అదే వెయిటింగ్ లిస్టు. అందుకే ఈ సీనియర్ భవనాల్లో ఓనరు కొన్ని అంతస్తులనో, కొన్ని భాగాలనో జంతువులు లేని చోటుగా కేటాయించుకోవచ్చు. రూల్స్ తయారుచేసేటప్పుడు అద్దెకుండేవాళ్ళందరి అభిప్రాయం తీసుకోవాలి. అంటే జంతువులు లేనివాళ్ళకి కూడా మాట్లాడే అవకాశం ఉంది. నిజం చెప్పాలంటే, ఒక్కరు తాడు లేకుండా కుక్కని వదిలినా, మెట్ల మీద మలిన్యం వదిలేసినా, ఆ భవనంలో మిగతా పెంపకందార్లందరి మీదా కోపం మొదలవుతుంది. షరతులు పాటించడం పక్కింటివాళ్ళ కోసం ఎంతో, మన హక్కు నిలబడటం కోసం కూడా అంతే.

సరే, గొడవ వచ్చింది, నోటీసు వచ్చింది. అప్పుడేం చేయాలి? చాలామంది నోటీసు చూడగానే ఇల్లు పోయిందనుకుంటారు. భయంతో జంతువుని ఎవరికో ఇచ్చేస్తారు. కంగారు పడకండి, వరస ఉంది.

సీనియర్ భవనాల్లో అయితే నోటీసులో ఏ రూల్ తప్పారో, ఏం జరిగిందో రాయాలి. అది అందిన దగ్గర్నుంచి మీకు 10 రోజులుంటాయి. ఆ లోపు తప్పు సరిదిద్దుకోవచ్చు, లేదా మీటింగ్ కావాలని రాతపూర్వకంగా అడగవచ్చు. ఆ మీటింగుకి మీకు నచ్చిన మనిషిని తోడు తీసుకెళ్ళవచ్చు. ఇంగ్లీషులో మాట్లాడటానికి జంకే పెద్దవాళ్ళకి ఇది పెద్ద ధైర్యం. కూతురినో, అల్లుడినో, తెలిసినవాళ్ళనో తీసుకెళ్ళండి. అక్కడా తేలకపోతే జంతువుని తీసెయ్యమని ఇంకో నోటీసు వస్తుంది, దానికి మళ్ళీ గడువు ఉంటుంది. ఇవన్నీ దాటాకే, అది కూడా తప్పు అంత పెద్దదైతేనే, ఇల్లు ఖాళీ చేయించే ప్రయత్నం మొదలుపెట్టగలరు. పబ్లిక్ హౌసింగ్‌లో అయితే వరస వేరు. అక్కడ హౌసింగ్ అథారిటీ దగ్గర గ్రీవెన్స్ పద్ధతి ఉంటుంది. ముందు మాట్లాడి తేల్చుకోవడం, ఆ తర్వాత విచారణ. రెండు చోట్లా ఒకటే మాట: రోజులు లెక్కపెట్టుకోండి, ఏం అడిగినా కాగితం మీద అడగండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఉచితంగా సాయం చేసే లీగల్ ఎయిడ్ ఆఫీసులు చాలా ఊళ్ళలో ఉన్నాయి, అక్కడికి వెళ్ళండి.

ఇంకో రెండు విషయాలు చెప్పి ముగిస్తాను. ఇక్కడ చాలామంది పొరబడతారు.

మొదటిది, సహాయక జంతువు. కంటిచూపు లేనివాళ్ళకి దారి చూపే కుక్క లాంటివి. వైకల్యం వల్ల అవసరమైన జంతువుని ఈ నిబంధనలు పెంపుడు జంతువుగా లెక్కెయ్యవు. దానికి పెంపుడు జంతువు డిపాజిట్ ఉండదు. బరువు హద్దు లాంటి పెంపుడు జంతువు రూల్స్ వర్తించవు. 1988లో సవరించిన ఫెయిర్ హౌసింగ్ చట్టం, వైకల్యం ఉన్న మనిషికి అవసరమైన సహేతుక సర్దుబాటు చేయాలంటుంది. అయితే ఇంటికి నష్టం జరిగితే మాత్రం ఆ మనిషే కట్టాలి. ఇంటర్నెట్‌లో డబ్బు తీసుకుని "మీ కుక్కని రిజిస్టర్ చేశాం" అని సర్టిఫికెట్లు అమ్ముతుంటారు. అలాంటి ఫెడరల్ రిజిస్టర్ ఏదీ లేదు. నిజంగా అవసరం ఉన్నవాళ్ళు తమని చూస్తున్న డాక్టరుతో మాట్లాడి అడగాలి. అవసరం లేకుండా అడిగితే, అవసరం ఉన్నవాళ్ళ మాటకి విలువ తగ్గుతుంది.

రెండోది, ఏ ఇంటికి ఈ చట్టాలు వర్తిస్తాయి అన్నది. సెక్షన్ 8 వోచర్‌తో ప్రైవేటు ఓనరు ఇంట్లో అద్దెకుంటే, 1998 నాటి ఆ పబ్లిక్ హౌసింగ్ రూల్ మీకు వర్తించదు. అక్కడ ఓనరు లీజు, రాష్ట్ర చట్టం చూసుకోవాలి. పన్ను రాయితీలతో కట్టిన తక్కువ అద్దె భవనాలు కూడా అంతే, ఆ ఒక్క రాయితీ వల్ల ఈ ఫెడరల్ హక్కు రాదు. కొన్ని రాష్ట్రాలు ఆ ఖాళీని తామే పూరించుకున్నాయి. కాలిఫోర్నియా 2017లో చేసిన చట్టంతో, రాష్ట్ర సాయం పొందే కొత్త ఇళ్ళలో మామూలు పెంపుడు జంతువులని అనుమతించాలని పెట్టింది. కాబట్టి మొదటి పని, మీ భవనం ఏ ప్రోగ్రాం కిందికి వస్తుందో ఆఫీసులో అడగండి. "పెట్ రూల్స్ కాగితం ఇవ్వండి" అనండి. జంతువుని తెచ్చాక అడగడం కాదు, తేకముందే అడగాలి.

అన్ని దేశాలూ ఇలాగే చేయలేదు. మనవాళ్ళు చాలామంది ఉండే సింగపూర్‌నే చూడండి. అక్కడి జనంలో ముప్పాతిక మందికి పైగా ప్రభుత్వ హౌసింగ్ బోర్డు కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. ఎక్కువమంది సొంతదారులే, అద్దెకుండేవాళ్ళూ ఉన్నారు. ఆ ఫ్లాట్లలో అనుమతించిన జాబితాలోని కుక్క ఒకటి పెంచుకోవచ్చు గానీ, పిల్లి మీద మూడు దశాబ్దాలకి పైగా నిషేధం ఉండేది. పిల్లులు లేవా అంటే ఉండేవి, చాలా ఇళ్ళలో గుట్టుగా ఉండేవి. చివరికి 2024 సెప్టెంబర్ 1 నుంచి లైసెన్సుతో, మైక్రోచిప్‌తో, ఇంటికి రెండు పిల్లుల దాకా అనుమతిచ్చారు. నిషేధం ఉన్నన్నాళ్ళూ పిల్లులు పోలేదు, లెక్కలోకి రాలేదంతే. లెక్కలోకి వచ్చాకే ఏ ఇంట్లో ఎన్ని ఉన్నాయి, చిప్ వేయించారా, కిటికీకి వల కట్టారా అని అడగడం కుదిరింది.

ఇండియాలో చూస్తున్నవాళ్ళకి చివర్లో చెప్తానన్నది ఇదే. మన దగ్గర అద్దె ఇంట్లో కుక్క విషయం ఎక్కువగా ఓనరుగారి నోటిమాట మీద నడుస్తుంది. నచ్చితే ఉంటుంది, రేపు మనసు మారితే ఉండదు. అమెరికా చట్టం చేసింది గొప్ప దయేం కాదు. నోటిమాటని కాగితం మీదికి తెచ్చింది. ఓనరు ఏం అడగవచ్చో, ఏం అడగకూడదో, పెంచుకునేవాళ్ళు ఏం చేయాలో, గొడవొస్తే ఎన్ని రోజులుంటాయో రాసిపెట్టింది. బలం లేనివాళ్ళకి కాగితమే బలం.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇలాంటి భవనంలో ఉంటే, ఈ వారం ఫోన్ చేసినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. రూల్స్ కాగితం ఉందా? ఆ గడిలో ఎవరి పేరు రాశారు? మీ పేరు రాసి ఉంటే, ఆ బాధ్యత మీకు తెలుసని వాళ్ళతో ఒక్క మాట చెప్పండి.

మీ ప్రశ్నలు రాయండి.